వాన మోడల్‌లో ఏ పారామీటర్ బరువెంత? మోరిస్, సొబోల్, ఎమ్యులేటర్, అడ్‌జాయింట్: ఎవరికి ఏది

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి కడప వైపు వస్తోంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్ నడిపితే రాజంపేటకు 90 మిల్లీమీటర్లు చూపించింది. ఆ తొంభై ఎంతవరకు గాలి, తేమ, కొండలు కలిసి కురిపించిన వాన, ఎంతవరకు మోడల్ లోపల ముందే పెట్టి ఉన్న అంకెల ఫలితం? డబ్ల్యూఎస్‌ఎం6 మేఘ పథకంలో (పథకమంటే మోడల్ లోపల ఒక ప్రక్రియను లెక్కగట్టే భాగం) చినుకుల సాంద్రతకు 80 లక్షలు అన్న అంకె ఉంటుంది. అది 1948లో మార్షల్, పామర్ అనే శాస్త్రవేత్తలు కెనడా వానల కొలతల నుంచి ఇచ్చింది. సముద్రం మీద అలల గరుకుదనానికి చార్నాక్ అంకె 0.0185 దగ్గర ఉంటుంది. కెయిన్-ఫ్రిట్ష్ పథకంలో ఉరుముల మేఘం తన శక్తిని ఖర్చు చేసే గడువు 30 నుంచి 60 నిమిషాల మధ్య ఉంటుంది. ఇలాంటి అంకెలనే పారామీటర్లు అంటారు. ఇవేవీ సీమ కోసం కొలిచినవి కావు. కొన్నయితే అసలు కొలిచినవే కావు, లెక్క కుదరడానికి పెట్టినవి.

వీటిలో ఏది మారితే వాన అంచనా ఎంత మారుతుందో కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. ఏది ఎంచుకోవాలో తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా ఎక్కడో చదివిన పద్ధతిని తమ మెషిన్ మీద మొదలుపెట్టి సగంలో వదిలేస్తారు. పద్ధతి పేరును బట్టి పోకండి. మీరు ఎన్ని రన్‌లు (మోడల్‌ను ఒకసారి నడిపితే ఒక రన్) చేయగలరు, మీరు కొలిచే అవుట్‌పుట్ నున్నగా మారుతుందా, గెంతులు వేస్తుందా అన్న రెండు ప్రశ్నలే చాలావరకు సమాధానం చెప్పేస్తాయి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు కొలిచే అంకె ఏది? అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇది. అనంతపురం జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అది కూడా కొద్ది రోజుల్లోనే పడుతుంది. మిగతా రోజులన్నీ సున్నా. ఒక్క స్టేషన్ దగ్గర ఒక్క రోజు వానను అవుట్‌పుట్‌గా తీసుకుంటే ఉరుముల మేఘం పది కిలోమీటర్లు పక్కకు జరిగినా అంకె 40 నుంచి సున్నాకు పడిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది పారామీటర్ ప్రభావాన్ని కాదు, మేఘం ఎక్కడ పుట్టిందన్న అదృష్టాన్ని. అందుకే జిల్లా లేదా నదీ పరీవాహకం మొత్తం మీద సగటు వాన తీసుకోండి. లేదా 25 మిల్లీమీటర్లు దాటిన విస్తీర్ణం ఎన్ని చదరపు కిలోమీటర్లో తీసుకోండి. సగటుకు వర్గమూలం తీసి వాడితే ఒక్క పెద్ద వాన మిగతా అన్నిటినీ మింగేయకుండా ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం చాలామందిని దెబ్బతీస్తుంది. మన దేశంలో వాన రోజు ఉదయం 8.30కు ముగుస్తుంది, అంటే గ్రీనిచ్ సమయం 03. మోడల్ వానను గ్రీనిచ్ సున్నా గంటల నుంచి సున్నా గంటల దాకా కలిపి, భారత వాతావరణ శాఖ (ఐఎండీ) 0.25 డిగ్రీల గ్రిడ్ డేటాతో పోల్చితే మూడు గంటల తేడా వస్తుంది. ముసురు పట్టిన ఉదయం ఆ మూడు గంటల్లోనే సగం వాన ఉండొచ్చు.

ఎన్ని రన్‌లు చేయగలరు? ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 32 కోర్ల మెషిన్, 9 కిలోమీటర్ల గడులున్న డొమైన్ (మోడల్ లెక్కగట్టే ప్రాంతం), దాని లోపల 3 కిలోమీటర్ల గడులున్న డొమైన్, 72 గంటల రన్‌కు 4 గంటలు. రోజుకు 6 రన్‌లు అవుతాయి. పారామీటర్లు 8 అనుకుందాం. కింద లెక్కలన్నీ దీని మీదే.

దేన్నీ మార్చకపోయినా మోడల్ ఎంత ఊగుతుంది? పద్ధతుల గురించి చదివినవాళ్ళు కూడా దీన్ని వదిలేస్తారు. అన్ని పారామీటర్లూ డిఫాల్ట్‌లోనే (మోడల్‌తో వచ్చిన విలువలోనే) ఉంచి, మొదటి ఉష్ణోగ్రతలో 0.01 డిగ్రీ మేర యాదృచ్ఛిక తేడా పెట్టి 8 రన్‌లు చేయండి. ఫలితాల ప్రామాణిక విచలనం 6 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. రెండు రన్‌ల మధ్య తేడాలో ఉండే ఊగుడు దానికి 1.4 రెట్లు, అంటే సుమారు 8.5. ఒక పారామీటర్‌ను కింది నుంచి పైకి మార్చినప్పుడు వాన 8 మిల్లీమీటర్లు మారితే అది ప్రభావమని చెప్పడానికి వీల్లేదు. ఒకటిన్నర రోజు కూడా పట్టని ఈ పని చేయకుండా ఏ పద్ధతి మొదలుపెట్టినా చివర్లో వచ్చే ర్యాంకుల్లో సగం ఉత్త నాయిస్ (ఈ యాదృచ్ఛిక ఊగుడు) కావచ్చు.

పరిధులు, వాటి మధ్య బంధాలు. ప్రతి పారామీటర్‌కూ కనిష్ఠం, గరిష్ఠం మీరే ఇవ్వాలి. పరిధి రెట్టింపు చేస్తే ఆ పారామీటర్ ప్రాముఖ్యమూ పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి "ఇది ముఖ్యం" అనే ప్రతి మాట వెనక "ఈ పరిధిలో" అన్నది దాగి ఉంటుంది. సముద్రంలో నిలువు మిశ్రమ గుణకం వంటిది సెకనుకు 10⁻⁶ నుంచి 10⁻⁴ చదరపు మీటర్ల దాకా వందరెట్లు మారుతుంది. దాన్ని మామూలు కొలబద్ద మీద కాకుండా లాగరిథమ్ మీద ఎంచుకోవాలి, లేకపోతే మీ శాంపిల్స్ అన్నీ పై చివరనే గుమిగూడతాయి.

బంధాలు ఇంకా ప్రమాదం. అనంతపురం ఎర్రనేల లోతు తక్కువ, ఇసుక పాలు ఎక్కువ. నంద్యాల వైపు నల్లరేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది. నోవా భూమి మోడల్‌లో రంధ్రాల శాతం, పొలం నీటిసామర్థ్యం (నేల పట్టి ఉంచగల తేమ), వాడుదల స్థాయి (మొక్క వాడిపోయే తేమ) అనే మూడు అంకెలు ఉంటాయి. మూడింటినీ విడివిడిగా మార్చితే వాడుదల స్థాయి రంధ్రాల శాతాన్ని మించిన నేల కూడా తయారవుతుంది. అలాంటి నేల భూమ్మీద లేదు. మూడింటినీ ఒకే గుణకంతో కలిపి మార్చండి, లేదా నేల రకాన్నే ఒక ఎంపికగా పెట్టండి.

## ఒక్క చూపులో

పద్ధతుల పేర్లకు అర్థం కింద విడివిడిగా ఉంది.

| పద్ధతి | రన్‌లు (8 పారామీటర్లకు) | రోజుకు 6 చొప్పున | పారామీటర్ల పరస్పర ప్రభావం | రన్ కూలిపోతే |
|---|---|---|---|---|
| ఒక్కోసారి ఒక్కటి | 17 | 3 రోజులు | కనిపించదు | ఆ ఒక్క పోలిక పోతుంది |
| మోరిస్, 10 దారులు | 90 | 15 రోజులు | ఉందని తెలుస్తుంది, ఎవరెవరి మధ్యో తెలియదు | ఆ దారిలో రెండు మెట్లు పోతాయి |
| సొబోల్ నేరుగా, 1000 శాంపిల్ | 10,000 | నాలుగున్నరేళ్ళు | పూర్తిగా | లెక్క కుంటుపడుతుంది |
| లాటిన్ హైపర్‌క్యూబ్ + ఎమ్యులేటర్ | 80 + 20 | 17 రోజులు | ఎమ్యులేటర్ బాగుంటే పూర్తిగా | పెద్ద నష్టం లేదు |
| పాలినోమియల్ కేయాస్, రెండో డిగ్రీ | 90 నుంచి 135 | 15 నుంచి 23 రోజులు | తీసుకున్న డిగ్రీ మేరకు | రిగ్రెషన్‌తో అయితే పెద్ద నష్టం లేదు |
| అడ్‌జాయింట్ | ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి | ఒకటి రెండు రోజులు | తెలియదు, ఆ బిందువు దగ్గరి వాలు మాత్రమే | మళ్ళీ చేయాలి |
| స్టొకాస్టిక్ ఎన్‌సెంబుల్ | 20 నుంచి 50 | 4 నుంచి 9 రోజులు | ఇది వేరే ప్రశ్నకు జవాబు | ఒక సభ్యుడు తగ్గుతాడు |

## ఒక్కోసారి ఒక్కటి మార్చడం

డిఫాల్ట్ ఒకటి, ప్రతి పారామీటర్‌కు పైన ఒకటి, కింద ఒకటి. మొత్తం 17 రన్‌లు. మీరు నేమ్‌లిస్ట్‌లో (మోడల్ సెట్టింగుల ఫైలులో) పెట్టిన మార్పు నిజంగా కోడ్‌లోకి చేరుతోందా అని చూడటానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. అందుకు వాడండి.

ఫైనల్ జవాబుగా మాత్రం వాడకండి. ఈ పద్ధతి డిఫాల్ట్ బిందువు నుంచి అక్షాల వెంట మాత్రమే నడుస్తుంది. 8 పారామీటర్ల పరిధులన్నీ కలిసి ఏర్పడే పెట్టెలో ఆ అక్షాల చివరలను తాకే గోళం పట్టే భాగం మొత్తం ఘనపరిమాణంలో 1.6 శాతమే, మిగతాదంతా మూలలు. పొడి గాలిని లాక్కునే మేఘానికి పొడి నేల కూడా తోడైతే ఏమవుతుందో ఆ మూలల్లోనే ఉంటుంది. అనంతపురం జూన్ వానకు అదే అసలు ప్రశ్న. బ్రిటన్ మెట్ ఆఫీస్ 2004లో ప్రచురించిన పెద్ద వాతావరణ ఎన్‌సెంబుల్ (తేడాలతో నడిపిన రన్‌ల గుంపు) కూడా 29 పారామీటర్లను ఒక్కోసారి ఒక్కటిగా మార్చి, 53 రూపాలతో చేసినదే. ప్రభావాలు కూడికలా కలుస్తాయని అందులో అనుకోవాల్సి వచ్చింది. తర్వాత అక్కడే అన్నీ కలిపి మార్చే ఎన్‌సెంబుల్‌లకు మళ్ళారు.

## మోరిస్ వడపోత

1991 నాటి పద్ధతి. ఇక్కడా ఒక మెట్టులో ఒక్క పారామీటరే కదులుతుంది, కానీ మొదలు డిఫాల్ట్ దగ్గర కాదు, పెట్టెలో ఎక్కడైనా. ప్రతి పారామీటరూ ఒక్కసారి కదిలే నడకను ఒక దారి అంటారు. ఒక దారిలో పారామీటర్ల సంఖ్యకు ఒకటి కలిపినన్ని రన్‌లు, అంటే 9. పది దారులకు 90. పరిధిని నాలుగు మెట్లుగా విడగొడితే ఒక్కో అడుగు పరిధిలో మూడింట రెండు వంతులు. పైథాన్‌లో సాలిబ్ ప్యాకేజీ ఈ దారులను తయారుచేసి ఇస్తుంది, లెక్కా అదే కడుతుంది.

ఫలితంగా ప్రతి పారామీటర్‌కు రెండు అంకెలు వస్తాయి. మార్పుల పరిమాణాల సగటు ఎక్కువైతే ఆ పారామీటర్ ముఖ్యం. మార్పుల చెదురు (అవి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయన్నది) కూడా ఆ సగటుతో సమానంగా ఉంటే, దాని ప్రభావం మిగతావాటి మీద ఆధారపడి ఉంది, లేదా వంకరగా ఉంది. ఈ రెండింటిలో ఏదో మోరిస్ చెప్పలేదు. ముందు కొలిచిన నాయిస్ కూడా ఈ చెదురులోనే కలిసి ఉంటుంది. అందుకే నాయిస్ అంకెను అదే గ్రాఫ్ మీద గీతగా గీయండి, గీత కింద పడిన పారామీటర్లను నిశ్చింతగా పక్కన పెట్టండి.

మోరిస్ అసలు బలం ఆ పక్కన పెట్టడంలోనే ఉంది. భారత నైరుతి రుతుపవనాల్లో భారీ వానల మీద మద్రాస్ ఐఐటీ పరిశోధకులు డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో 23 పారామీటర్లను పరిశీలించింది ఈ పద్ధతితోనే. మీ జాబితా పది దాటితే వేరే ఆలోచన లేకుండా ఇక్కడ మొదలుపెట్టండి. ఫలితంలో ర్యాంకులను నమ్మండి కానీ "మొదటిది రెండోదానికన్నా 1.3 రెట్లు ముఖ్యం" వంటి నిష్పత్తులను నమ్మకండి. పది దారులతో అంత ఖచ్చితత్వం రాదు.

## సొబోల్ సూచికలు

అవుట్‌పుట్‌లోని మొత్తం చెదురులో ఏ పారామీటర్ వాటా ఎంత, ఒంటరిగా ఎంత, మిగతావాటితో కలిసి ఎంత అన్నది ఇది విడగొట్టి చెబుతుంది. జవాబుల్లో ఇదే నిండైనది. ఖర్చు మాత్రం శాంపిల్ సంఖ్యను పారామీటర్ల సంఖ్యకు రెండు కలిపి గుణించినంత. 1000 శాంపిల్‌కు 10,000 రన్‌లు. మన ఉదాహరణ మెషిన్ మీద నాలుగున్నరేళ్ళు.

కాబట్టి వాతావరణ మోడల్ మీద నేరుగా సొబోల్ వద్దు. కానీ వానను వరదగా మార్చే మోడల్ మీద, లేదా వేరుశనగ పంట మోడల్ మీద తప్పకుండా చేయండి. ఒక రన్‌కు ఒక సెకను పట్టే పరీవాహక మోడల్ అయితే 10,000 రన్‌లు మూడు గంటల్లోపు అయిపోతాయి. హంద్రీ, తుంగభద్ర కలిసే కర్నూలు లాంటి చోట నేలలోకి ఇంకే నీరు, కాలువ గరుకుదనం, ముందున్న తేమల్లో ఏది వరద గరిష్ఠాన్ని శాసిస్తుందో తెలుసుకోవడానికి ఎమ్యులేటర్ అవసరమే లేదు. చవక మోడల్ చేతిలో ఉండి కూడా మోరిస్ దగ్గర ఆగిపోవడం అనవసరమైన పొదుపు.

ఒక షరతు ఉంది. సొబోల్ లెక్కకు పారామీటర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. నేల అంకెల గురించి పైన చెప్పిన బంధం ఉంటే వాటాల అర్థమే చెడిపోతుంది.

## లాటిన్ హైపర్‌క్యూబ్, దాని మీద ఎమ్యులేటర్

ఒక్క మెషిన్ ఉన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ప్రతి పారామీటర్ పరిధినీ 80 సమాన ముక్కలు చేసి, ప్రతి ముక్కా సరిగ్గా ఒక్కసారి వచ్చేలా 80 రన్‌లు ఎంచుకుంటారు. పారామీటర్‌కు పది రన్‌లు అన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న మొదటి అంచనా. ఆ 80 ఫలితాల మీద గాసియన్ ప్రాసెస్ అనే గణాంక పద్ధతిని అమర్చితే ఏ పారామీటర్ల కలయికకైనా మోడల్ ఏమి చెబుతుందో క్షణంలో ఊహించి, ఆ ఊహ మీద తన నమ్మకం ఎంతో కూడా చెప్పే చిన్న మోడల్ తయారవుతుంది. ఇదే ఎమ్యులేటర్. పైన నాలుగున్నరేళ్ళు పట్టిన సొబోల్ లెక్కను ఇప్పుడు దీని మీద నిమిషాల్లో చేయొచ్చు.

మరో 20 రన్‌లను వేరుగా చేసి దాచండి, అమర్చడానికి వాడకండి. ఎమ్యులేటర్ ఊహను వాటితో పోల్చండి. ఆ 20లోని చెదురులో కనీసం 70 శాతాన్ని ఎమ్యులేటర్ వివరించలేకపోతే దాని నుంచి వచ్చిన సొబోల్ సూచికలను ఎవరికీ చూపించకండి. 80 శాతం దాటితే ధైర్యంగా ముందుకు పోవచ్చు.

ఎమ్యులేటర్ చెడిపోయే చోట్లు రెండు. మొదటిది, నగెట్ అనే నాయిస్ పదాన్ని సున్నాగా ఉంచడం. అప్పుడది ప్రతి బిందువు గుండా పోవడానికి మెలికలు తిరుగుతుంది, నాయిస్‌ను నిజమనుకుంటుంది. మీరు 8 రన్‌లతో కొలిచిన విచలనం వర్గాన్నే అక్కడ మొదటి విలువగా ఇవ్వండి. రెండోది, అవుట్‌పుట్‌లో సగం సున్నాలు ఉండటం. పరిధిలో సగం దాకా వాన లేక, ఆ తర్వాత ఒక్కసారిగా లేచే వక్రరేఖను గాసియన్ ప్రాసెస్ పట్టుకోలేదు. జూన్ నెల అనంతపురం కేసుల్లో ఇదే జరుగుతుంది. అప్పుడు వానకు బదులు గాలిలోని మొత్తం తేమను, లేదా వాన పడిన విస్తీర్ణాన్ని అవుట్‌పుట్‌గా మార్చుకోండి.

దీనికున్న మరో సుగుణం ఆచరణలో చాలా విలువైనది. పారామీటర్లను చివరల దాకా తోస్తే కొన్ని రన్‌లు కూలిపోతాయి. 80లో నాలుగు పోయినా ఎమ్యులేటర్ మిగతా 76 మీద నిలబడుతుంది. మోరిస్‌లో, సొబోల్‌లో ఒక్క ఖాళీ కూడా దాని చుట్టూ ఉన్న లెక్కలను పాడుచేస్తుంది. అయితే ఆ నాలుగూ పెట్టెలో ఒకే మూల కూలాయా అని చూడండి. ఒకే మూలైతే ఆ మూల గురించి మీకేమీ తెలియదని రాసుకోవాలి.

## పాలినోమియల్ కేయాస్

సముద్రం వైపు పనిచేసేవాళ్ళకు ఇది నచ్చుతుంది. అవుట్‌పుట్‌ను పారామీటర్ల బహుపదిగా రాస్తే గుణకాల నుంచే సొబోల్ వాటాలు నేరుగా వచ్చేస్తాయి. 8 పారామీటర్లకు రెండో డిగ్రీలో 45 పదాలు, మూడో డిగ్రీలో 165. పదాల సంఖ్యకు రెండు మూడు రెట్లు రన్‌లు కావాలి కాబట్టి మూడో డిగ్రీ చేతికి అందదు. పారామీటర్లు 5 అయితే రెండో డిగ్రీకి 21, మూడో డిగ్రీకి 56 పదాలే. అక్కడ ఇది సరైన పద్ధతి.

2010లో వచ్చిన ఫనాపి తుఫాను కింద విమానాల నుంచి సముద్రంలోకి వదిలిన ఉష్ణోగ్రత పరికరాల రీడింగులతో గాలికీ నీటికీ మధ్య ఘర్షణ గుణకాన్ని హైకామ్ సముద్ర మోడల్‌లో అంచనా వేసింది ఇలాంటి విస్తరణతోనే. సముద్రపు పై పొర ఉష్ణోగ్రత నున్నగా మారుతుంది కాబట్టి బహుపది సరిపోతుంది. ఉరుముల వానకు సరిపోదు. గెంతు ఉన్న చోట బహుపది అటూ ఇటూ ఊగి, లేని వానను, ఒక్కోసారి సున్నా కన్నా తక్కువ వానను కూడా చూపిస్తుంది.

## అడ్‌జాయింట్

అడ్‌జాయింట్ అంటే మోడల్ లెక్కను అవుట్‌పుట్ నుంచి వెనక్కు నడిపే కోడ్. ఒక అవుట్‌పుట్‌కు, వేల పారామీటర్లకు వాలు (పారామీటర్ కాస్త మారితే అవుట్‌పుట్ ఎంత మారుతుందన్నది) ఒక్క వెనకడుగు రన్‌తో వచ్చేస్తుంది. పారామీటర్ ఒక పటమైతే, అంటే ప్రతి గ్రిడ్ గడిలోనూ వేరే అంకె ఉంటే, పై పద్ధతులేవీ దగ్గరికి కూడా రావు. ఎంఐటీజీసీఎం సముద్ర మోడల్‌కు, దాని మీద నడిచే, సముద్ర స్థితిని కొలతలతో కలిపి అంచనా వేసే ఎక్కో ప్రాజెక్టుకు ఇదే ప్రాణం.

ఇబ్బంది ఏమిటంటే, అది ఒక్క బిందువు దగ్గరి వాలే. మేఘం ఉంది లేదు అనే స్విచ్‌ల దగ్గర వాలుకు అర్థం ఉండదు. వాన ఉన్న వాతావరణ రన్‌లో ఒక రోజు దాటితే సరళరేఖ అనుకోవడం కూలిపోతుంది. సముద్రం నెమ్మది కాబట్టి అక్కడ వారాలు, నెలలు నిలుస్తుంది. మీ మోడల్‌కు సిద్ధమైన అడ్‌జాయింట్ లేకపోతే కొత్తగా రాయడం ఒక పీహెచ్‌డీ అంత పని, దానికి దిగకండి. డబ్ల్యూఆర్‌ఎఫ్‌కు ఉన్న అడ్‌జాయింట్‌లో మేఘ పథకాలు సరళం చేసినవి. మీరు అడిగేది ఆ పథకాల పారామీటర్ల గురించే అయితే జవాబు వేరే పథకానికి వస్తుంది.

## స్టొకాస్టిక్, మల్టీఫిజిక్స్ ఎన్‌సెంబుల్‌లు

ఏ పారామీటర్ ముఖ్యమో ఇవి చెప్పవు. అంచనా ఎంత వెడల్పుగా ఉండాలో చెబుతాయి. యూరప్ వాతావరణ అంచనా కేంద్రం 1998 నుంచి భౌతిక ప్రక్రియల మొత్తాన్ని యాదృచ్ఛికంగా హెచ్చుతగ్గులు చేసే పద్ధతిని వాడింది. 2024 నవంబరులో దాని స్థానంలో పారామీటర్లనే రన్ నడుస్తుండగా యాదృచ్ఛికంగా మార్చే పద్ధతికి మారింది. వేర్వేరు మేఘ పథకాలను కలిపే మల్టీఫిజిక్స్ అయితే పథకాల మధ్య తేడాను చూపుతుంది, కానీ ఆ తేడా ఏ అంకె వల్ల వచ్చిందో విడగొట్టడం కుదరదు. రేపటి వానకు 60 శాతం అవకాశం అని చెప్పాల్సినవాళ్ళకు ఇవి, కారణం వెతికేవాళ్ళకు పైవి.

## మీరెవరు, మీకేది

విశ్వవిద్యాలయంలో ఒక మెషిన్‌తో థీసిస్ చేసేవాళ్ళు. నాయిస్‌కు 8, కోడ్ పరీక్షకు 31, 15 పారామీటర్ల మీద ఎనిమిది దారుల మోరిస్ 128, అందులో మిగిలిన ఐదింటి మీద ఎమ్యులేటర్‌కు 50, పరీక్షకు 15. మొత్తం 232 రన్‌లు, సుమారు 39 రోజులు. రీరన్‌లకు మరో పది రోజులు పక్కన పెట్టుకోండి. ఇది ఒక్క వాన సంఘటనకే. మోరిస్ అయ్యాక మిగతా సంఘటనలకు ఎమ్యులేటర్ భాగం మాత్రం చేస్తే చాలు.

జలాశయాల, వరదల వైపు ఉన్నవాళ్ళు. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి కర్నూలు మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఇలాంటి చోట ఒక్క అంకె అంచనా పనికిరాదు. వాతావరణం వైపు ఐఎండీ, జాతీయ మధ్యకాల వాతావరణ అంచనా కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్‌లు 2018 నుంచి 12 కిలోమీటర్ల మీద నడిపే ఎన్‌సెంబుల్ సభ్యులను తీసుకోండి. నీటి మోడల్ వైపు సొబోల్ నేరుగా చేయండి. ఒకే పరీక్షలో రెండింటినీ కలిపి, వాన సభ్యుడి నంబరును కూడా ఒక పారామీటర్‌గా పెడితే, వరద గరిష్ఠంలోని చెదురులో వాన వాటా ఎంతో, నేల వాటా ఎంతో ఒకే పట్టికలో వస్తుంది. వాన వాటా చాలా ఎక్కువ వస్తే కాలువ గరుకుదనం సర్దడానికి ఇంకా సమయం పెట్టడం దండగ.

వేరుశనగ విత్తే అదును చెప్పాల్సిన వ్యవసాయ సలహాదారులు. మీకు వాతావరణ మోడల్ నడిపే అవసరం లేదు. పంట మోడల్ చవక, దాని మీద సొబోల్ చేయండి. పదును వాన హద్దును 20 మిల్లీమీటర్లుగా పెట్టారా, 30గా పెట్టారా అన్నది కూడా ఒక పారామీటరే. దాన్నీ పట్టికలో చేర్చండి. ఎర్రనేలకు, రేగడికి విడిగా చేయండి, కలిపి సగటు తీయకండి.

బంగాళాఖాతం వైపు నుంచి వచ్చేవాళ్ళు. పారామీటర్లు ఐదు లోపైతే పాలినోమియల్ కేయాస్, పటాలైతే అడ్‌జాయింట్. కానీ ముందు ఒకటి చూసుకోండి. వాతావరణ మోడల్‌కు సముద్ర ఉష్ణోగ్రత బయటి నుంచి ఇచ్చిన స్థిర పటమే అయితే, సముద్ర మిశ్రమ పారామీటర్లకు వాన మీద ప్రభావం సున్నాగా కనిపిస్తుంది. అది ప్రకృతి చెప్పిన జవాబు కాదు, మీ సెటప్ చెప్పింది. కనీసం నిలువు మిశ్రమ పొర మోడల్‌నైనా జతచేయాలి. ఈశాన్య కాలంలో ఉత్తర బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన పలచని పొరగా నిలుస్తుంది. మొదటి లవణీయత తప్పుగా ఇస్తే మిశ్రమ పారామీటర్ తప్పంతా మోయాల్సి వస్తుంది.

## ఏ పద్ధతైనా చెడిపోయే చోట్లు

పారామీటర్ కోడ్‌లో స్థిరాంకంగా రాసి ఉంటుంది. ఉదాహరణకు నేల దగ్గరి గాలి పొరను లెక్కగట్టే వైఎస్‌యూ పథకంలో మిశ్రమ రూపాన్ని శాసించే ఘాతం 2. దాన్ని ప్రతి రన్‌కూ కోడ్‌లో మార్చి కంపైల్ చేస్తే ఏదో ఒక రోజు పాత ఎగ్జిక్యూటబుల్‌తోనే పది రన్‌లు నడుస్తాయి. ఒక్కసారి రిజిస్ట్రీలో (మోడల్ సెట్టింగులను నిర్వచించే ఫైలులో) చేర్చి నేమ్‌లిస్ట్‌కు తెచ్చుకోండి. రిజిస్ట్రీ మారితే పూర్తిగా శుభ్రం చేసి మొదటి నుంచి కంపైల్ చేయాలి. మామూలు కంపైల్ సరిపోదు. ఆ తర్వాత డిఫాల్ట్ విలువతో నడిపి, మార్చని కోడ్ ఫలితంతో బిట్ బిట్‌కూ సరిపోతుందో చూడండి.

కూలిన రన్‌ను టైమ్‌స్టెప్ తగ్గించి మళ్ళీ నడపాలనిపిస్తుంది. అలా చేయకండి. టైమ్‌స్టెప్ మారితే వానా మారుతుంది, ఆ మార్పును మీరు పారామీటర్ ఖాతాలో రాస్తారు. 9 కిలోమీటర్లకు మామూలుగా 54 సెకన్లు వాడతారు. మొదటి నుంచి అన్ని రన్‌లకూ 36 పెట్టుకుంటే ఖర్చు సగం పెరుగుతుంది, కానీ కూలేవి తగ్గుతాయి, పోలిక శుద్ధంగా ఉంటుంది.

3 కిలోమీటర్ల డొమైన్‌లో కెయిన్-ఫ్రిట్ష్ ఆపేస్తారు కాబట్టి దాని పారామీటర్లు 9 కిలోమీటర్ల డొమైన్ నుంచి అంచుల ద్వారానే పనిచేస్తాయి. లోపలి డొమైన్ పెద్దదయ్యేకొద్దీ వాటి బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. బయటి డొమైన్ తూర్పు అంచు తీరానికి దగ్గరగా పెడితే చార్నాక్ అంకెకు పనిచేయడానికి సముద్రమే మిగలదు. కడప నవంబరు వానలకు ఆ అంచు అండమాన్ దాకా పోనివ్వండి.

జూన్ ఉరుముల వానకూ నవంబరు వాయుగుండానికీ కలిపి ఒకే ర్యాంకు పట్టిక వేయకండి. ప్రతి సంఘటనకూ విడిగా సూచికలు లెక్కకట్టి, పక్కపక్కన పెట్టి చూడండి. పాలకొండలు, శేషాచలం వాలుల్లో కురిసే వానకు మేఘభౌతికం, సముద్ర గాలి ముందుకు రావచ్చు. అనంతపురం మైదానంలో పొడి గాలి లాక్కోవడం, నేల తేమ ముందుకు రావచ్చు. సగటు తీస్తే రెండూ మాసిపోతాయి.

ర్యాంకులు తేలాక మొదటి మూడు పారామీటర్లను డేటాతో సర్దాలనుకుంటే, సర్దడానికి వాడిన సంఘటనలను పరీక్షకు వాడకండి. 2021 నవంబరు మీద సర్దినదాన్ని అదే కాలపు మరో వాయుగుండం మీద చూడండి, ఆపై 2009 సెప్టెంబరు చివరి వానల మీద చూడండి. రెండో పరీక్షలో చెడిపోతే ఆ విలువలను ఈశాన్య కాలానికే ఉంచి, నైరుతికి డిఫాల్ట్‌తోనే నడపండి.